ఎనిమిదో రోజు దాటేదాకా

మా పక్కింటి అమ్మాయి ఊళ్లు తిరిగే ఆరోగ్య కార్యకర్త. మొన్నొక సాయంత్రం తన సంచి మా అరుగు మీద బోర్లించి సర్దుకుంటుంటే ఒక పల్చటి పొట్లం వచ్చి నా కాళ్ల దగ్గర పడింది. తీసి చూశాను. చిన్న సబ్బు ముక్క, దారం, కాగితంలో చుట్టిన బ్లేడు.

"కాన్పులకు ఇస్తరు అమ్మమ్మా. బొడ్డు కోసి పారేసుడే" అంది.

కోసి పారేయడమే. ఆ మాట వినగానే నాకు కామారెడ్డి చాకులాయన గుర్తొచ్చాడు. ఈ బ్లేడును చూసి ఉంటే ఆయన సంతోషించేవాడనే అనుకుంటాను. కానీ ఆ సంతోషం ఎంతోసేపు ఉండేది కాదు. పారేసిన బ్లేడు ఎవరి కాలికి గుచ్చుకుంటుందోనని ఆ పూటకే బెంగ పెట్టుకునేవాడు.

ఆయన మడతచాకులు చేసే కమ్మరి. పేరు లేక కాదు, ఆ పేరుతో ఎవరూ పిలవగా నేను వినలేదు. ఊరికి చాకులాయన, నాకు బాపు. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తుండగానే జ్వరం వచ్చి పోయాడు. ఆ సంగతి ఎల్లారెడ్డిలో ఉన్న నాకు చేరేసరికి పదిరోజులు దాటింది. అందువల్ల చివరిచూపు లేదు. నాకు మిగిలిందల్లా అంతకు ముందు ఏడెనిమిదేళ్లు నేను చూసిన మనిషి.

ఆయన కొలిమి స్టేషను నుంచి ఊళ్లోకి వచ్చే దారిలో ఉండేది. పెంకుల కప్పు, ఒక పక్క తడిక. ఆయన భార్య తిత్తి ఊదుతుంటే ఆయన పని చేసేవాడు. రైలు డబ్బాల కింద విరిగిపోయిన కమానుల, అంటే స్ప్రింగుల, ఇనుము ఎక్కడెక్కడ దొరుకుతుందో వెతికి తెచ్చుకునేవాడు. ఆ ఇనుమును మించింది లేదనేవాడు. పిడికి బర్రెకొమ్ము, లోపల ఇత్తడి రేకు. కాల్చి నూనెలో ముంచిన చాకును మళ్లీ సన్నటి సెగ మీద పెట్టి, అది పండిన మొక్కజొన్న గింజ రంగుకు తిరిగేదాకా రెప్ప వేయకుండా చూసేవాడు. ఆ రంగు దాటితే మెత్తబడుతుంది, ఆ రంగు రాకముందే తీస్తే పెళుసై విరుగుతుంది. ఆ కాసేపు ఎవరూ మాట్లాడకూడదు. తిత్తి దగ్గర ఆమె దగ్గు కూడా ఆపుకునేది.

ఒక్కో పనికి ఒక్కో తీరు. కచేరీ గుమాస్తాలు ఉర్దూ రాసే రెల్లు కలాలు చెక్కుకోవడానికి వేలెడంత పొడుగుది. గొర్రెల కాళ్లలో ముళ్లు తీయడానికి చిలకముక్కులా వంగినది. వక్కకు, ఆకుకు ఇంకొకటి. ఏ చాకైనా సరే, పూర్తయ్యాక చెవి దగ్గర పెట్టుకుని తెరిచి మూసి, తెరిచి మూసి వినేవాడు. ఆ వింటున్నప్పుడు ఆయన నుదురు ముడిపడేది. చెడ్డ కబురు వింటున్నవాడి ముఖంలా ఉండేది.

చాకులో కోసే రేకును, అలుగును, ఆయన నాలిక అనేవాడు. పిడిలో అది దాక్కునే సందును నోరు అనేవాడు. "నాలిక లోపటికి పోయినంక నోరు గట్టిగ మూసుకోవాలె బిడ్డా. లేకుంటె చాకైనా మనిషైనా కొంపలు ముంచుతది" అనేవాడు.

చాకు కొనడానికి వచ్చినవాళ్లకు ఆయన ప్రశ్నలు ఒక శిక్ష. ఎవరికి, దేనికి, ఇంట్లో చిన్నపిల్లలున్నారా, ఉంటే ఎంతెంతవాళ్లు. పిల్లలున్నారంటే కమాను బిగువు పెంచి ఇచ్చేవాడు, పసివేళ్లకు తెరుచుకోకుండా. ఒకసారి నేనక్కడ ఉండగానే సదాశివనగర్ వైపు నుంచి ఒకాయన వచ్చాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి, చెప్పులు సరిగా తొడుక్కోలేదు. వెంటనే చాకు కావాలన్నాడు. బాపు ముందర బట్ట మీద ఐదారు తయారై ఉన్నాయి.

"పిడి ఇంక కుదురలె. ఎల్లుండి రా" అన్నాడు బాపు.

"గవేంది మరి?"

"గవి వేరేటోళ్లయి."

ఆ మనిషి తిట్టుకుంటూ పోయాడు. ఎల్లుండి రాలేదు. కోపం చల్లారి ఉంటుందిలే అన్నాను నేను. బాపు మాత్రం పదిరోజులు అదే మాట పట్టుకున్నాడు: "వేరే ఎవడన్న ఇచ్చిండో ఏందో. నేనే ఇస్తె కమాను బిగుసుగ పెట్టి ఇద్దును గద."

చాకును ఎప్పుడూ చేతికి ఇచ్చేవాడు కాదు. ముందున్న చెక్కదిమ్మె మీద పెట్టేవాడు, మనం తీసుకోవాలి. చాకు చేతికి చేతికి ఇచ్చుకుంటే పగలు పుడతాయని ఆయన నమ్మకం. నేను కిరస్తానీ పిల్లను, మా తాతలు ఏ వాడ నుంచి వచ్చారో ఆయనకు తెలుసు. నాకు దిమ్మె మీద పెట్టడం ఆ నమ్మకం వల్లనా, ఇంకొక కారణం వల్లనా అని మొదట్లో చాలాసార్లు అనుకున్నాను. తహసీలు కచేరీ పేష్కారుకు కూడా అట్లాగే దిమ్మె మీద పెట్టడం చూశాక అనుకోవడం మానేశాను. పూర్తిగా మానేశానని చెప్పలేను.

నేను ఎల్లారెడ్డిలో చిన్న దవాఖానకు నర్సుగా వచ్చిన కొత్త అది. నాకు ఇరవై రెండేళ్లు. మిషను ఆసుపత్రిలో పని నేర్చుకుని, తెల్ల చీర కట్టుకుని, ఊళ్లను బాగుచేద్దామని వచ్చాను. వచ్చిన మొదటి ఏడే ఒక సంగతి గమనించాను. చక్కగా పుట్టిన పిల్లలు, బాగా పాలు తాగుతున్న పిల్లలు, ఏడో రోజో ఎనిమిదో రోజో పాలు పట్టడం మానేస్తున్నారు. దవడ బిగుసుకుపోతుంది. తర్వాత ఒళ్లు విల్లులా వంగుతుంది. ఇక అంతే. గాలి సోకిందనేవాళ్లు, దిష్టి అనేవాళ్లు. అది ధనుర్వాతమని, బొడ్డు కోసిన కొడవలి మురికి నుంచి వస్తుందని నాకు తెలుసు. నెలకోసారి వచ్చే డాక్టరమ్మ, మంత్రసానులకు తలా ఒక శుభ్రమైన కత్తి ఇచ్చి, ఉడికించి వాడడం నేర్పించమంది. తనే ఒక కత్తెరను నాకిచ్చింది. అది ఒక్కటే ఉంది.

మడతచాకు అయితే బాగుంటుందని ఆలోచించింది నేనే. మంత్రసాని నడుముకు చెక్కుకుని పోతుంది, వాదర లోపల ఉంటుంది, దుమ్ము పడదు. ఆ ఆలోచనకు నాకు నేనే మురిసిపోయాను. కామారెడ్డి పోయి బాపును ఆరు చాకులు చేయమన్నాను.

"దేనికి బిడ్డా?" అన్నాడు ఎప్పటిలాగే.

చెప్పలేకపోయాను. తండ్రి వయసు మగమనిషితో కాన్పు మాట, బొడ్డు మాట ఎట్లా ఎత్తను? "దవాఖాన పనికి" అన్నాను.

"దవాఖానల ఏం పనికి?"

"పట్టీలు కోయనీకె" అని అబద్ధం చెప్పాను.

ఆయన చేశాడు. ఎంత బాగా చేశాడంటే, నున్నటి నల్లకొమ్ము పిడితో అవి అరచేతిలో పక్షిపిల్లల్లా ఒదిగేవి. ఆరుగురు మంత్రసానులకు పంచాను. లింగంపేట ఎల్లవ్వ దాన్ని కళ్లకద్దుకుంది. ఎల్లవ్వ అప్పటికే అరవై దాటిన మనిషి. లింగంపేట చుట్టుపక్కల సగం ఊళ్లు ఆమె చేతుల మీదే పుట్టాయి.

నాలుగు నెలలు బాగా గడిచాయి. ఐదో నెలలో లింగంపేట పక్క గూడెంలో ఒక మగపిల్లవాడు ఎనిమిదో రోజు పోయాడు. నెల తిరగకముందే అక్కడే ఇంకొక ఆడపిల్ల. రెండు బొడ్లూ కోసింది ఎల్లవ్వే, బాపు చేసిన చాకుతోనే. నేను పోయేసరికి ఎల్లవ్వ గోడకు ఆనుకుని కూర్చుంది. అడగకముందే చాకు తీసి నా ముందు పెట్టింది.

"ఉడికించినవా ఎల్లవ్వా?"

"మొదాలు ఉడికించిన. కొమ్ము వంకరపోవట్టె. ఇంత మంచి చాకు కరాబైతదని బట్టతోని తుడుసుడు వెట్టిన" అంది.

చాకు తెరిచి వెలుతురుకు పట్టుకున్నాను. వాదర అద్దంలా ఉంది. అది దాక్కునే సందులో మాత్రం ఎండిన నెత్తురు, నూలుపోగులు, మట్టి, ఐదారు నెలలది గట్టిపడి ఉంది. శుభ్రమైన వాదరను ప్రతిసారీ మూసి ఆ మురికిలోనే పెడుతున్నాం. మడతచాకు అన్న ఆలోచన నాది. కొడవలిని కడిగితే కనీసం కడిగినట్టు ఉండేది.

ఆ చాకు పట్టుకుని బస్సెక్కి కామారెడ్డి పోయాను. దారిపొడుగునా ఏం చెప్పాలో కూర్చుకున్నాను. తీరా పోయాక ఏడుపు వచ్చింది. మొత్తం చెప్పేశాను, అబద్ధంతో సహా.

బాపు చాకు తెరిచి చూశాడు. తడిక నుంచి ఒక పుల్ల విరిచి, సందులోని మురికిని గీకి, మోదుగాకు మీద రాల్చాడు. చిటికెడు వచ్చింది. దాన్ని చూస్తూ అడిగాడు.

"ఎందరు?"

"ఇద్దరు."

"నీకు ఎరుకైనోళ్లు ఇద్దరు" అన్నాడు.

తిత్తి దగ్గర ఆమె ఊదడం ఆపేసింది. మళ్లీ ఆయనే అన్నాడు, కోపంగా కాదు, పనిలో పొరపాటు చూపించే గొంతుతో. "దేనికో ముందుగాల చెప్తె అయిపోవు గద బిడ్డా. నెత్తురుల ముంచేదానికి నేను నోరు మూసి చేస్తనా?"

ఇన్నేళ్లలో నన్ను చాలామంది చాలా మాటలు అన్నారు. ఈ ఒక్కటీ ఇప్పటికీ పొద్దున నిద్ర లేవగానే వినిపిస్తుంది.

మర్నాడు ఆయన కొలిమి వెలిగించలేదు. మిగతా ఐదు చాకులూ తనే తిరిగి తెస్తానని బయల్దేరాడు. మంత్రసానులు ఇవ్వం అన్నారు. మంచి చాకు పోగొట్టుకోవడం ఎవరికిష్టం? ఒకామె గడప దగ్గర రెండు రోజులు కూర్చున్నాడట. చివరికి ఆరూ తెచ్చి, కొలిమిలో పెట్టి, ఎర్రగా కాల్చి, ముద్ద చేశాడు. అంత అందమైన పని ముద్ద కావడం ఆయన భార్య చూడలేకపోయింది. లోపలికి వెళ్లిపోయింది.

ఆ తర్వాత ఏడాదికి పైగా ఆయన చేసింది ఒకటే పని. మామూలు కత్తి చేసి ఒర ఇచ్చాడు. ఒర లోపల ఇంకా మురికి పట్టింది. ఒర లేకుండా ఇచ్చాడు. ఒకామెకు నడుము దగ్గర గీసుకుపోయింది. ఎల్లవ్వ అయితే తేల్చి చెప్పేసింది.

"మడిసేదే గావాలె. చేన్లకెల్లి పిలుస్తరు, పొయ్యి కాడికెల్లి పిలుస్తరు. ఉరుకుడే ఉంటది. ఒర యాడ, కత్తి యాడ అని దేవులాడుకుంటనా?"

"మడిస్తె నోరుంటది. నోరు కడుగరాదు" అనేవాడు బాపు.

"కడుగొచ్చే నోరు చెయ్యి. నువ్వు కమ్మరోనివి గాదా?"

ఆ మాట ఆయన్ను కుట్టింది. ఎల్లారెడ్డి అంగడికి వచ్చినప్పుడల్లా ఇనుప ముక్కలు, ఇత్తడి ముక్కలు మూటగట్టుకుని మా దవాఖాన మెట్టు మీద కూర్చునేవాడు. నేను నీళ్లు కాచి ఇస్తే వాటిని ఉడికించి, ఆరబెట్టి, ఎక్కడ తడి నిలిచిందో, ఎక్కడ తుప్పు పట్టిందో చూసేవాడు. తిండి సరిగా తినేవాడు కాదు. బుగ్గలు లోపలికి పోయాయి. వేరే చాకుల పని పక్కన పడేశాడని ఊళ్లో చెప్పుకున్నారు.

చివరికి చేసింది చూస్తే, ఇంత చిన్న సంగతికా ఇన్ని రోజులు అనిపిస్తుంది. అంత సులువుగా ఉంటుంది. పిడికి కొమ్ము లేదు, మొత్తం ఇత్తడి. వీపు వైపు తెరిచి ఉంటుంది, ఒక వైపు నీళ్లు పోస్తే ఇంకోవైపు కారిపోతాయి. అలుగును పిడికి పట్టి ఉంచే శీల గుండ్రంగా కాక, రెండు పక్కలా చదునుగా అరగదీసి ఉంటుంది. అలుగు మడమలో దానికి సరిపోయే గాడి. చాకు పూర్తిగా తెరిచినా ఊడదు, పూర్తిగా మూసినా ఊడదు. సగం తెరిచి, నిలువుగా పట్టుకుని లాగితే మాత్రం అలుగు చేతిలోకి వచ్చేస్తుంది. రెండు ముక్కలు. రెండూ మరిగే నీళ్లలో వేయొచ్చు. కొస గుండ్రంగా ఉంటుంది, పసిబిడ్డ పొట్టకు గుచ్చుకోకుండా.

దాన్ని కూడా చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. అది శబ్దమే చేయలేదు. కమాను లేదు కదా. శబ్దం లేని చాకును ఎట్లా నమ్మాలో ఆయనకు తెలియలేదు.

ఆ నమ్మకం లేకపోవడం నుంచే ఆయన కొత్త అలవాటు మొదలైంది. ఎల్లవ్వకు ఇచ్చిన మొదటి చాకుతో పుట్టిన బిడ్డకు ఎనిమిదో రోజు దాటేదాకా ఆయన లింగంపేటలోనే చుట్టాలింట్లో ఉండిపోయాడు. తర్వాత మిగతా మంత్రసానులకూ చేసి ఇచ్చాడు. అప్పటి నుంచి ఏ ఊళ్లో ఆ చాకుతో బొడ్డు కోసినా ఆయనకు కబురు కావాలి. అంగడికి వచ్చేవాళ్లతో, బస్సు డ్రైవరుతో, దోమకొండ నుంచి కట్టెలు తెచ్చే బండివాళ్లతో కబురు తెప్పించుకునేవాడు. మగపిల్లాడా, ఆడపిల్లా అని అడిగేవాడు కాదు. ఎవరి బిడ్డ అని కూడా కాదు. ఒకటే అడిగేవాడు.

"ఎన్నో రోజు?"

ఐదు అంటే ఐదు బొగ్గు గీతలు కొలిమి గోడ మీద. మర్నాటికి ఆరు. ఎనిమిది దాటి బిడ్డ బాగుందని కబురొచ్చాక తడిబట్టతో తుడిచేసేవాడు. ఒక్కోసారి ఆ గోడ మీద ముగ్గురు నలుగురు పిల్లలుండేవాళ్లు. ఏడు గీతలు పడిన రోజు ఆయన సుత్తె దెబ్బ తప్పేదని ఆయన భార్య నాతో చెప్పింది.

"పురుడు వాళ్లకు, నొప్పులు ఈనకు" అనేది ఆమె. నవ్వుతూనే అనేది, కానీ ఆమె కళ్ల కింద కూడా నల్లటి వలయాలే.

బిడ్డలు పోవడం పూర్తిగా ఆగిందని చెప్పను. కొడవళ్లు ఇంకా ఉన్నాయి, ఎక్కడి మంత్రసానులు అక్కడ ఉన్నారు. ఆయన చాకు తిరిగిన ఊళ్లలో మాత్రం తగ్గింది, నా కళ్లతో చూశాను. ఆ మాట ఎన్నిసార్లు చెప్పినా ఆయన ముఖం తేటపడేది కాదు. "తగ్గింది అంటున్నవ్. లేదు అంటలేవు" అనేవాడు.

అప్పటికి యుద్ధం వచ్చింది. రైలు కమానుల ఇనుము దొరకడం మానేసింది. ఆయన దగ్గర చివరి ముక్క ఒకటి మిగిలింది. సరిగ్గా అప్పుడే కూతురు సత్తవ్వ తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చింది. ఆ చివరి ముక్కతో సత్తవ్వ కోసం ఒక చాకు చేశాడు. కాన్పుకు నన్ను పిలిపించారు. నేను గడప బయట ఆగితే, ఆయన భార్యే చెయ్యి పట్టి లోపలికి లాక్కుపోయింది.

"మైలింట్ల కులమేంది బిడ్డా, రా" అంది.

పొద్దున మొదలైన నొప్పులు మధ్యాహ్నానికి ముదిరాయి. బాపు పెరట్లో మూడు రాళ్ల పొయ్యి మీద చాకు ఉడికిస్తున్నాడు. ఒకసారి ఉడికించాడు, సరిపోలేదేమోనని రెండోసారి, మళ్లీ మూడోసారి. లోపల సత్తవ్వ కేక విన్నప్పుడల్లా పొయ్యిలో ఇంకొక కట్టె తోశాడట. గిన్నెలో నీళ్లు ఎప్పుడు ఇగిరిపోయాయో చూసుకోలేదు. నేను చాకు కోసం బయటికి వచ్చేసరికి గిన్నె అడుగు ఎర్రబడి ఉంది. ఆయన పట్టుకారుతో చాకును ఎత్తి పట్టుకుని నిలబడ్డాడు. అలుగు నెమలిమెడ రంగులో మెరుస్తోంది. మొక్కజొన్న రంగు దాటకుండా జీవితమంతా కాపలా కాసిన మనిషి.

"పదును సచ్చిపోయింది" అన్నాడు.

"నా సంచిల పాతదున్నది బాపూ. నువ్వు చేసిందే."

"ఎప్పటిది?"

"మూడేండ్లది."

"మూడేండ్లల ఎన్ని కోసింది అది?" అని గొణిగాడు. నాకు జవాబు చెప్పే తీరిక లేదు. దాన్ని ఉడికించి, దానితోనే కోశాను. ఆడపిల్ల. బాగా ఏడ్చింది. ఆయన తడిక అవతలే ఉన్నాడు, లోపలికి రాలేదు. నేను మర్నాడు ఎల్లారెడ్డి వెళ్లిపోయాను.

ఏడో రోజు పొద్దున పది గంటలకు దవాఖానలో ఒకామె కాలికి కట్టు కడుతున్నాను. గుమ్మంలో నీడ పడింది. తలెత్తితే బాపు. తలకు రుమాలు లేదు.  

"ఏమైంది?"

"పాలు... పొద్దుగాలకెల్లి పడుతలేదు."

 ఆ మూడేళ్ల చాకును నేను ఎంతసేపు ఉడికించానో గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాను. గుర్తుంది, కానీ నమ్మకం కలగలేదు. "నోరు తెరుస్తున్నదా? దవడ ఎట్లున్నది?"

ఆయన నేల చూశాడు. "నేను సూడలె."

"సూడలేదా?"

"సూడబుద్ధి గాలె బిడ్డా. పాలు వట్టుతలేదని ఆమె అన్నది. బస్సు వోతుండె. ఎక్కిన."

కామారెడ్డిలోనే సర్కారు దవాఖాన ఉంది, అక్కడికి ఎందుకు పోలేదని అడిగాను. దాని ముందు నుంచే వచ్చానన్నాడు. "వాళ్లేం చెప్పినా నమ్మ. నువ్వు రా."

తిరుగు బస్సు మధ్యాహ్నం. అప్పటిదాకా ఆయన మెట్టు మీద కూర్చున్నాడు. మంచినీళ్లిస్తే చేతిలో పట్టుకున్నాడు, తాగలేదు. బస్సు కదిలింది. తన దవడను తనే వేళ్లతో నొక్కి చూసుకుంటున్నాడు, తెలియకుండానే. ఇంజను వేడెక్కిందని డ్రైవరు ఒకచోట ఆపి కుంట నుంచి నీళ్లు తెచ్చి పోశాడు. ఆ కాసేపట్లో నేను ఎన్నిసార్లు ప్రార్థన చేసుకున్నానో, ఎన్నిసార్లు మధ్యలో తప్పానో చెప్పలేను.

లింగంపేటలో బస్సు ఆగితే ఎల్లవ్వ నన్ను చూసి కిటికీ దగ్గరికి వచ్చింది. సంగతి తెలియదు ఆమెకు. సంబరంగా ఉంది.

"నర్సమ్మా, నిన్న పొద్దుగాల మా బీడీలు చేసే పోశవ్వకు కాన్పయింది. తల్లీ బిడ్డా సల్లగున్నరు. చాకు మంచిగ ఉడికించిన" అని, పక్కనున్న బాపును చూసి ఆయన అడిగే మాట కోసం ఆగింది. ఆయన ఏమీ అడగలేదు. ఎదుటి సీటు వైపే చూస్తున్నాడు. ఎల్లవ్వ నా ముఖం చూసి, మెల్లగా కిటికీ నుంచి చెయ్యి తీసేసింది.

కామారెడ్డిలో దిగాక ఆయన నడక చిన్నదైపోయింది. వాళ్ల వీధి మలుపు తిరగగానే నాకు వినిపించింది. పసిపిల్ల ఏడుపు. గొంతు చించుకుని, నోరంతా తెరిచి ఏడుస్తోంది. దవడ బిగిసిన బిడ్డ అట్లా ఏడవలేదు. 

"బాపూ, విను. ఆ ఏడుపు విను."

"ఏడుస్తున్నది గద" అన్నాడు భయంగా.

"నోరు తెరిసే ఏడుస్తున్నది!"

ఆయన చెవి అటు తిప్పి నిలబడ్డాడు. నుదురు ముడిపడింది. నాకు తెలిసిన ముఖమే. ఎంతసేపు విన్నా సరిపోలేదు ఆయనకు. నేనే లోపలికి పరిగెత్తాను. ఆయన భార్య బిడ్డను భుజాన వేసుకుని తిప్పుతోంది.

"ముక్కు దిబ్బడేసింది, గంతే. ముక్కుల రొండు సుక్కలు చనుబాలు పిండినంక తుమ్మింది, పాలు వట్టింది. ఇప్పుడు కడుపు నిండి ఏడుస్తున్నది" అంది. తర్వాత బయటికి చూసి గొంతు పెంచింది. "యాడికి వోయినవయ్యా? రుమాలు లేదు, చెప్పిన మాట లేదు! పిల్లకేమో అయిందని గిట్ల నేనిద్దరి కోసం ఏడువాలెనా?"

నేను బిడ్డ నోట్లో వేలు పెట్టి చూశాను. పొట్ట చూశాను, బొడ్డు చూశాను. ఎండి, రాలడానికి సిద్ధంగా ఉంది. అంతా బాగుంది. బయటికి వచ్చి ఆయనకు చెప్పాను. తల ఊపాడు.

"ఇంకొక్కరోజున్నది" అన్నాడు.

ఎనిమిదో రోజంతా ఆయన గడప దాటి లోపలికి రాలేదు. తినమంటే రెండు ముద్దలు తిన్నాడు. కొలిమి వెలిగించలేదు. ఆయన్ను వదిలి వెళ్లలేక నేనూ ఉండిపోయాను. సాయంత్రందాకా ఎవరు లోపల నుంచి బయటికి వచ్చినా వాళ్ల ముఖం వెతికాడు.

తొమ్మిదో రోజు పొద్దున ఆయన భార్య బిడ్డను తెచ్చి, అడక్కుండానే ఆయన ఒళ్లో పెట్టింది. ఆయన అప్పుడే చేతులు కడుక్కుని వచ్చాడు, మళ్లీ తడిగుడ్డతో తుడుచుకున్నాడు. కాలిన మచ్చలున్న చిటికెన వేలును బిడ్డ పెదవుల దగ్గర పెట్టాడు. బిడ్డ దాన్ని పట్టుకుని చప్పరించింది. గట్టిగా. ఆయన వేలు లాక్కోలేదు. కాసేపు అట్లాగే కూర్చున్నాడు. ఆయన భుజాలు కిందికి దిగడం నేను అదొక్కసారే చూశాను.

నన్ను బస్సు ఎక్కించడానికి వచ్చాడు. ఈసారి రుమాలు కట్టుకున్నాడు. ఇక ఈ మనిషికి కొంచెం నెమ్మది దొరుకుతుందేమో, మనవరాలిని ఎత్తుకుని కూర్చుంటాడేమో అనుకున్నాను. నేను ఎక్కి కూర్చున్నాక ఆయన కిటికీ కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు.

"బిడ్డా, మొన్న ఎల్లవ్వ చెప్పె గద, పోశవ్వ బిడ్డ. ఇయ్యాల్టికి ఎన్నో రోజు?"

వేళ్ల మీద లెక్కపెట్టాను. "నాలుగు."

"నాలుగేనా" అన్నాడు. కమ్మీ వదిలేశాడు. వెనక్కి తిరిగి ఇంటి వైపు ఒకసారి చూశాడు. తర్వాత చుట్టూ తిరిగి వచ్చి, బస్సెక్కి, లింగంపేటకు టికెట్టు ఇమ్మన్నాడు.